సజ్జలకుంటకు ఎడారి మంజూరు

సజ్జలకుంట వాళ్లు అడిగింది బోరుకు మోటారు. మంజూరైంది ఎడారి.

ఇందులో సర్కారును తప్పుపట్టడానికేమీ లేదు. అర్జీ పెట్టిన తొంభై రోజుల్లో ఏదో ఒకటి మంజూరు చెయ్యాలని రూలుంది గానీ, అడిగిందే మంజూరు చెయ్యాలని ఎక్కడా రాసిలేదు. ఎనభై తొమ్మిదో రోజున మంజూరు చేశారు. ఒకరోజు ముందే చేశారని మెచ్చుకోవాలి.

అర్జీ పెట్టింది సుంకమ్మ. ఊళ్లో పొదుపు సంఘం లీడరు. శివరాత్రి మరునాడు బోరు మోటారు కాలిపోతే, పదమూడు సోమవారాలు మండలాఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. రెండు రోజులకోసారి ట్యాంకరొచ్చి ఇంటికి నాలుగు బిందెలు పోసి పోతోంది. ఆ నాలుగింటిలోనే వంట, మేకలు, మనుషులు. దానికి తోడు కాన్పుకొచ్చిన కూతురు ఈశ్వరికి బిడ్డ పుట్టి పన్నెండు రోజులైంది. బాలింతకు రెండు బిందెల వేణ్నీళ్లు పోయందే నడుము నిలబడదు. మోటారు రాకపోతే బిడ్డను ఎత్తుకుని అత్తారింటికి పోతానని ఈశ్వరి ఏడుస్తోంది. పురిటికొచ్చిన కూతుర్ని నీళ్లు లేక వెనక్కి పంపిన తల్లి అని పేరు మోయడం సుంకమ్మ వల్ల కాదు.

పంచాయతీ సెక్రెటరీ మహబూబ్ బాషా ఉత్తరం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. సుంకమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"మీ అర్జీని మిక్కిలి సానుభూతితో పరిశీలించడమైనది. నీటి సరఫరా అనునది సమస్యకు తాత్కాలిక ఉపశమనం మాత్రమే. నీరు లేకుండా జీవించగల సామర్థ్యమే శాశ్వత పరిష్కారం. కావున మీ గ్రామ ప్రజలకు 'ఎడారిలో ప్రాణరక్షణ: ప్రాథమిక నైపుణ్యాలు' అను అంశముపై మూడు దినముల శిక్షణ మంజూరు చేయడమైనది."

"మోటారు సంగతి సదువప్పా," అంది సుంకమ్మ.

"ఉండక్కా, కింద ఇంకొక పేరా ఉండాది." బాషా వేలు పెట్టి వెతికాడు. "మోటారు రావల్లంటే జలాధార రాహిత్య ధ్రువపత్రం కావల్లంట. అంటే, ఊరి చుట్టూ మూడు కిలోమీటర్లలో యాడా నీళ్లు లేవని ఆఫీసరు సంతకం పెట్టల్ల. ట్రైనింగు అయినాక జాయింట్ డైరెక్టర్ సారే పెడ్తాడంట."

"అంటే ఆయప్ప మూడుదినాలు చెప్పేది యింటే సంతకం పెడ్తాడు. అంతే గదా?"

"అంతేనక్కా."

"యింటాంలే. పెండ్లిండ్లలో మైకు యింటాం ల్యా?"

వారం తిరక్కుండా జాయింట్ డైరెక్టర్ పరాంకుశం గారు దిగారు. కృష్ణ ఒడ్డున పుట్టి, చల్లటి గదుల్లో ఎదిగి, వాతావరణ అనుకూలన విభాగంలో పండిన మనిషి. కాళ్లకు మోకాలిదాకా బూట్లు, ఒంటికి పదహారు జేబుల కోటు, నెత్తిన మెడ మీదికి గుడ్డ వేలాడే టోపీ. జీపు దిగి ఊరిని ఒకసారి కలయజూశారు. ఎర్రనేలలు, వేరుశెనగ చేలు, బడి ముందు రెండు వేపచెట్లు. ఆయన మొహం వాడిపోయింది.

"ఇది ఎడారి కాదే!" అన్నారు, పెళ్లిచూపులకొచ్చి వేరే పిల్లను చూసినవాడిలాగా.

"కరువు మండలం సార్," అన్నాడు బాషా, ఏదో తన తప్పన్నట్టు.

"కరువు వేరు, ఎడారి వేరు సెక్రెటరీ గారూ. కరువుకు మా దగ్గర ఖర్చు రాసే హెడ్ లేదు. మార్గదర్శకాల ప్రకారం శిక్షణా స్థలంలో కనీసం మూడు ఇసుక తిన్నెలుండాలి. ఒక్కొక్కటి పది అడుగులకు తగ్గరాదు."

గొర్రెలు కాసే కుళ్లాయప్ప తాత పక్కనే నిలబడి చుట్ట కాలుస్తున్నాడు. "ఇసుక వాగులో ఉండాది సామీ," అన్నాడు ఊరికే ఉండలేక.

ఆ మాట అననట్టయితే ఎంత బాగుండేదో! మరునాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ట్రాక్టర్లు వాగులోంచి ఇసుక తోలాయి. ఆ ఇసుకే వానాకాలం నీళ్లను కడుపులో దాచుకుని ఎండాకాలం దాకా కాస్తుందని పసిపిల్లకైనా తెలుసు. సుంకమ్మ ట్రాక్టరుకు అడ్డం పోయింది.

"అమ్మా," అన్నారు పరాంకుశం గారు ఓపికగా, "ఎడారి ఊరికే రాదు. కొంత త్యాగం చెయ్యాలి."

బండరాళ్లు అడ్డమొచ్చి ట్రాక్టర్లు వాగు మలుపు దాకా పోలేకపోయాయి గాబట్టి అక్కడి ఇసుక మిగిలింది. తక్కినదంతా బడి ముందు రోడ్డుకడ్డంగా మూడు తిన్నెలై కూర్చుంది. టేపు పెట్టి కొలిచారు. మూడోది తొమ్మిదడుగులే ఉంటే ఇంకొక ట్రాక్టరు పోయించారు. నీడ ఉండకూడదని వేపచెట్ల కొమ్మలు కొట్టేశారు. సాయంత్రానికి సజ్జలకుంట అచ్చం ఎడారిలా తయారైంది. పరాంకుశం గారు తిన్నె మీద నిలబడి ఫొటో దిగి, "ఇప్పుడు సమస్య స్పష్టంగా కనిపిస్తోంది," అన్నారు తృప్తిగా.

మూడోనాడు ఒంటె వచ్చింది.

ఒంటె ఎందుకని అడక్కండి. సామగ్రి పట్టికలో పద్నాలుగో అంశం: ఒంటె, ఒకటి. సముద్రపు ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే దాన్ని టెండరు పిలిచి, రెండు రోజులు లారీలో నిలబెట్టి తెచ్చారు. పుట్టి బుద్ధెరిగాక అది సముద్రాన్ని తప్ప ఎడారిని చూసింది లేదు. అది దిగిన పూటే ట్యాంకరు వచ్చింది. నీళ్లను తొట్టిలోకి వదిలారు. ఆడవాళ్లు బిందెలు వరసపెట్టి నిలబడ్డారు. ఒంటె వరస చూడలేదు. మెడ చాపి తొట్టిలో మూతి పెట్టింది. పెట్టిన మూతి తియ్యలేదు. ఊరు ఊరంతా నోరెళ్లబెట్టి చూస్తుండగా తొట్టి అడుగు కనబడింది.

"చూశారా!" అన్నారు పరాంకుశం గారు కళ్లు మెరుస్తుండగా. "ఇదీ ఎడారి జీవి క్రమశిక్షణ. ఈరోజు తాగిందంటే పదిరోజులు మళ్లీ అడగదు. మీరు దీని నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది."

"మాకు గూడా ఒగసారి అట్ల తాపండి సామీ," అన్నాడు కుళ్లాయప్ప. "పది కాదు, పదైదు దినాలు అడగం."

పరాంకుశం గారు దాన్ని శిక్షణార్థుల ఉత్సాహం కింద రాసుకున్నారు. ఆ పూట ఈశ్వరికి స్నానం లేదు. సుంకమ్మ తడిగుడ్డతో కూతురి ఒళ్లు తుడుస్తూ, పుట్టి బుద్ధెరిగాక తిట్టని తిట్లన్నీ ఆ ఒంటెను తిట్టింది. ఆఫీసర్ని తిట్టలేదు. సంతకం మిగిలి ఉంది మరి.

శిక్షణ మొదలైంది. మాస్టర్ ట్రైనర్ ప్రణవ్ అనే పాతికేళ్ల కుర్రాడు. ఏదో రిసార్టులో నాలుగు రోజులు ఎడారి కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఊరివాళ్లు నలభై మందిని తిన్నె మీద కూర్చోబెట్టాడు. నెత్తిమీది కొంగులు, తువ్వాళ్లు తీయించి విభాగం బొమ్మ ఉన్న టోపీలు పంచాడు.

"ఎడారిలో మొదటి సూత్రం! పగటిపూట నీడలో విశ్రాంతి తీసుకోవాలి. ప్రయాణం పొద్దువాలాకే చెయ్యాలి!"

సుంకమ్మ చెయ్యెత్తింది. "అది మేం సేసేదే గదప్పా. మరి ఈ ముక్క సెప్పేకి మిట్టమధ్యానం ఎండలో యాల కూసోబెట్నావు?"

"షెడ్యూల్ అలా వచ్చిందండీ," అన్నాడు ప్రణవ్ నిజాయితీగా. కుర్రాడు చెడ్డవాడు కాదు.

నోటితో గాలి పీలిస్తే తేమ పోతుందనీ, మాట్లాడినా పోతుందనీ చెప్పాడు. అక్కడ పరాంకుశం గారు కలగజేసుకుని, సోమవారం సోమవారం అర్జీలు చెప్పుకోవడం వల్ల ప్రజల శరీరాల్లో ఎంత తేమ వృథా అవుతోందో తమ విభాగం అధ్యయనం చేయిస్తోందని తెలియజేశారు. చెప్పులు విదిలించి తేలు లేదని చూసుకుని వేసుకోవాలన్నాడు ప్రణవ్. సగం మందికి చెప్పులు లేవు గాబట్టి ఆ పాఠం తొందరగా అయిపోయింది.

"ఇప్పుడు అతి ముఖ్యమైనది. మనిషి నీళ్లు లేకుండా సుమారు మూడు రోజులు బతకగలడు!"

"సుమారంటే?" అన్నాడు కుళ్లాయప్ప. "మాకు రెండుదినాలకోసారి ట్యాంకరొస్తాది గదా."

చప్పున పరాంకుశం గారు లేచారు. "రెండు రోజులకా? అంటే ఒక రోజు సామర్థ్యం మిగిలిపోతోందన్నమాట! సెక్రెటరీ గారూ, రాసుకోండి. శిక్షణ పొందిన గ్రామానికి ట్యాంకరు మూడు రోజులకోసారి. శాస్త్రీయంగా ఉంటుంది."

తాత మాట కొంప ముంచడం అది రెండోసారి. ఊరంతా ఆయన వైపు చూసిన చూపుకి తాత చుట్ట ఆర్పేసి, ఆ రోజంతా ముక్కుతోనే గాలి పీల్చాడు.

మూడోరోజు ప్రాక్టికల్. ఊరికి రెండున్నర కిలోమీటర్ల దూరాన వాగు మలుపు దగ్గరి రాళ్లగుట్టకు నడిచి, నీళ్లు కనిపెట్టాలి. ఎవరూ నీళ్లు తీసుకెళ్లకూడదు. నిఘాకు పరాంకుశం గారు స్వయంగా వస్తారు. నీళ్ల క్యాన్లన్నీ వెనక జీపులో వస్తాయి, ఆఫీసర్లకు మాత్రం.

పదకొండున్నరకు బయల్దేరారు. రోహిణి కార్తె ఎండ. గుట్ట చేరేసరికి పన్నెండు దాటింది. అక్కడ ఫొటోకి నిలబడబోతుంటే బ్యానరు లేదని తెలిసింది. బ్యానరు లేని ఫొటోకు బిల్లు పాసు కాదు. పరాంకుశం గారు జీపును బ్యానరు కోసం వెనక్కి పంపారు. క్యాన్లు దించమని ఎవరికీ తోచలేదు. జీపు ఊరికి పోయి, బడి ముందరి రెండో తిన్నెలో కూరుకుపోయింది. డ్రైవరు ఫోన్ చేసి, ఎడారి చాలా బాగా కుదిరింది సార్, చక్రాలు తిరుగుతున్నాయి గానీ బండి కదలడం లేదని చెప్పాడు.

అరగంట గడిచింది. నలభై మంది ఊరివాళ్లూ చెప్పకుండానే బండల నీడకు పోయి, టోపీలు పారేసి కొంగులు కప్పుకుని కూర్చున్నారు. నిఘా అధికారి నీడలో ఉంటే నిఘా ఎలా అవుతుందని పరాంకుశం గారు ఎండలోనే నిలబడ్డారు. ప్రణవ్ గుంత తవ్వి, మధ్యలో గిన్నె పెట్టి, పైన పాలిథిన్ కాగితం పరిచి, అంచులకు మట్టి కప్పాడు. నేలలోని చెమ్మ ఆవిరై కాగితానికి పట్టి గిన్నెలోకి జారుతుందట.

"ఎంతసేపటికొస్తాయి నాయనా నీళ్లు?" అంది సుంకమ్మ.

"సాయంత్రానికి రెండు చెంచాలు రావచ్చండీ."

అప్పటికే పరాంకుశం గారికి చెమట పట్టడం ఆగిపోయింది. మొహం ఎర్రగా కందిపోయింది. ఎదురుగా ఉన్న బండకు నమస్కారం పెట్టి, "కమిషనర్ గారూ, నివేదిక సిద్ధంగా ఉంది," అన్నారు. తర్వాత నిలువునా కూలిపోయారు.

సుంకమ్మ అందరికంటే ముందు పరుగెత్తి ఆయన తల ఒళ్లోకి తీసుకుంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. పెదాలు పగిలి నాలుక బయటికొస్తోంది.

"మలుపులో తవ్వితే నీళ్లు పడ్తాయి," అంది.

బాషా ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "అక్కా, ఒగ మాట ఆలోచించు. ఈడ ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు చూపిస్తివంటే మూడు కిలోమీటర్లలో నీళ్లున్నట్టే లెక్క. ఆ ఫారంలో ఎన్ని నీళ్లని అడిగే గడి లేదు. ఉన్నాయా, లేవా, అంతే. మోటారు పాయె."

"ఆ చెలమలో ఊరేది రెండు మేకలకు గూడా చాలవు గదరా!"

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. ఫారానికి తెల్దు."

సుంకమ్మకు ఇంటిదగ్గర మంచంలో ఉన్న ఈశ్వరి కళ్లముందు మెదిలింది. పదమూడు సోమవారాలు మెదిలాయి. ఇటు చూస్తే ఒళ్లు కాలిపోతున్న మనిషి. ఊరి ఇసుక ఎత్తుకుపోయిన మనిషే, ట్యాంకరు తగ్గించిన మనిషే. కానీ మనిషి గదా!

"జీపొచ్చేదాకా బతకడా?"

"బతకడు," అన్నాడు కుళ్లాయప్ప తాత, నాడి చూసి. "అరగంట గూడా కష్టం."

"థూ, నా బతుకు!" అని సుంకమ్మ కొంగు నడుముకు దోపింది. తాతా ఇద్దరు ఆడవాళ్లూ పరాంకుశం గారిని మలుపులోని కానుగ చెట్టు నీడకు మోశారు. బూట్లు, పదహారు జేబుల కోటు ఊడదీశారు. సుంకమ్మ చెట్టు మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసుక తోడింది. మోచెయ్యి మునిగింది. భుజం మునిగింది. అడుగున ఇసుక నల్లబడి చల్లగా తగిలింది. నీళ్లు ఊరాయి, బురదగా, తర్వాత తేటగా. కొంగు ముంచి ఆయన మెడకూ చంకలకూ అద్దింది. మనిషి కళ్లు తెరిచి మింగగలిగేదాకా ఆగి, దోసిలితో కొద్దికొద్దిగా తాగించింది. ప్రణవ్ పాలిథిన్ కాగితంతో విసురుతూ ఏడ్చేశాడు. ఆ కాగితం పనికొచ్చింది అప్పుడే.

పావుగంటకు పరాంకుశం గారు మనిషయ్యారు. సుంకమ్మ రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు నాకు తల్లివమ్మా. ఈ జన్మకు నిన్ను మరిచిపోను," అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాటకం కాదు, నిజంగానే తిరిగాయి.

"నా సంగతి ఇడువు సామీ. ఆ కాగితం మీద సంతకం మాత్రం మరువద్దు. ఇవి తాగే నీళ్లు గావు, ఊరికి సాలవు. నీ కండ్లతో నువ్వే సూస్తివి."

"చూశానమ్మా! నా కళ్లతో చూశాను. ఉన్నదున్నట్టు రాస్తాను," అని చెలమ మీద ప్రమాణం చేశారు.

ఊరు సంబరపడింది. మోటారు వచ్చినట్టేనని బాషా మిఠాయి తెచ్చాడు. కూతుర్ని అత్తారింటికి పోనివ్వకుండా సుంకమ్మ ఇంకొక పది రోజులు బతిమాలి ఆపుకుంది. పదకొండో రోజున ఉత్తరం వచ్చింది. పరాంకుశం గారు ఉన్నదున్నట్టే రాశారు.

బాషా అరుగు మీద కూర్చున్నాడు గానీ ఈసారి గొంతు సవరించుకోలేదు.

"సజ్జలకుంట గ్రామములో శిక్షణ ఊహించిన దానికన్నా విజయవంతమైనదని తెలుపుటకు సంతోషించుచున్నాము. గ్రామమునకు రెండున్నర కిలోమీటర్ల లోపల, మూడు అడుగుల లోతున నీరు లభించుటను జాయింట్ డైరెక్టర్ గారు స్వయముగా చూచి, సేవించి, ధ్రువీకరించినారు. కావున జలాధార రాహిత్య ధ్రువపత్రం జారీచేయుటకు వీలుపడదు. మోటారు ఫైలు మూసివేయడమైనది. స్వయంసమృద్ధి సాధించిన గ్రామమునకు ట్యాంకరు అవసరము లేదు గనుక దానిని కూడా రద్దు చేయడమైనది."

లోపల పసిబిడ్డ ఏడుస్తోంది.

"ఇంకా ఉండాదా?" అంది సుంకమ్మ.

"ఉండాదక్కా. నీ మీదనే." బాషా తల ఎత్తకుండా చదివాడు. "శిక్షణార్థి సుంకమ్మ, పాలిథిన్ పద్ధతి పాటించనందునను, విజిల్ ఊదక మునుపే నీరు తీసినందునను, స్వీయ ప్రాణరక్షణ పరీక్షలో ఇతరుల ప్రాణములు రక్షించినందునను ఉత్తీర్ణురాలు కాలేదు. తోటివారిని చెడగొట్టే అవకాశమున్నందున గ్రామమంతటికీ వచ్చే నెల పునఃశిక్షణ ఏర్పాటు చేయడమైనది. జాయింట్ డైరెక్టర్ గారు వ్యక్తిగత ఆసక్తితో స్వయముగా విచ్చేయుదురు. గత అనుభవము దృష్ట్యా, శిక్షణార్థులు తలా ఐదు లీటర్ల తాగునీరు తమ ఇండ్ల నుండి తెచ్చుకొనవలెను."

కుళ్లాయప్ప తాత చాలా రోజుల తర్వాత నోరు తెరిచాడు. అరుగు మీదినుంచి లేచి ఖాళీ బిందె చంకనెత్తుకుంటున్న సుంకమ్మను ఆపాడు.

"మళ్లీ వస్తాడంట గదమ్మా ఆయప్ప. వచ్చి మళ్లీ ఎండలో పడ్తాడు. ఈసారి ఏం సేస్తావు?"

సుంకమ్మకు ఒళ్లంతా మండిపోతోంది. పళ్లు కొరికింది. రెండున్నర కిలోమీటర్లు నడిచి, ఊరు ఊరంతా తవ్వే చెలమలో రెండు చెంబులైనా దొరికితే తెచ్చి, కూతురికి కాచి పోయాలి. తిట్టడానికి కూడా పొద్దు లేదు.

"ఏం సేస్తా? మళ్లీ తవ్వుతా, మళ్లీ తాపుతా," అంది. "నీళ్లకు సచ్చే మనిషిని సూస్తా ఊరికే నిలబడేకి నేనేమన్నా ఆఫీసర్నా?"